తొంభై నాలుగు మార్కుల దవడ

నిన్న సాయంత్రం మెట్రోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, ఇక్కడ ఏమీ తినకూడదని రాసిన బోర్డు వంక ఒకసారి చూసి, కొంగు చాటు చేసుకుని చేగోడీ కొరికింది. ఆ కరకర చెవిన పడగానే నాకు నవ్వు ఆగలేదు. తనను చూసే నవ్వుతున్నాననుకుని ఆవిడ నాకూ ఒకటి ఇచ్చింది. చేగోడీ నోట్లో పడితే ఎవరికైనా చిన్నతనం గుర్తొస్తుందేమో, నాకు మాత్రం డాక్టర్ సుభద్ర గుర్తొస్తారు. మెదడులోని నరాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో ముప్ఫై ఏళ్లు చదివిన మనిషి. దక్షిణ ఢిల్లీలోని ఒక పరిశోధనా సంస్థలో ప్రొఫెసరుగా చేశారు, సొంతూరు కాకినాడ పక్కన. నాకు తెలిసిన పండితుల్లో అంత గట్టిగా నవ్వేవాళ్లు ఇంకొకరు లేరు.

అప్పట్లో నేను నోయిడాలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. తలకు పెట్టుకునే పట్టీ ఒకటి తయారుచేశాం. అది నుదుటి మీదా కణతల మీదా తగిలి, అక్కడి సన్నటి విద్యుత్తును పట్టుకుని, మనిషికి ఎంత శ్రద్ధ ఉందో వందకు మార్కులు వేస్తుంది. ఢిల్లీలో పోటీ పరీక్షల పిల్లలుండే జియా సరాయ్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు విద్యార్థులందరికీ ఈ పట్టీలు పెట్టి, సాయంత్రానికల్లా తల్లిదండ్రుల ఫోన్లకు మార్కులు పంపుతామన్నారు. ఎవరైనా నాడీశాస్త్ర ప్రొఫెసరు ఇది నిజమని సంతకం చేస్తే చాలన్నారు. సంతకం రాకపోతే ఆ బేరం పోతుంది, దాంతోపాటు నేను మొదటిసారి నాయకత్వం వహిస్తున్న ఆరుగురి జట్టూ పోతుంది. నాకు ఇంకో కారణం కూడా ఉంది. అదే జియా సరాయ్‌లో కిటికీ లేని గదిలో రెండేళ్లుండి, పోటీ పరీక్ష రెండుసార్లు తప్పాను. నాకు శ్రద్ధ లేదని నాన్న అన్నాడు, మాస్టార్లు అన్నారు, చివరికి నేనూ ఒప్పుకున్నాను. ఇలాంటి పట్టీ అప్పుడే ఉంటే బాగుపడేవాణ్ణని మనస్ఫూర్తిగా నమ్మాను.

మా యజమాని వివేక్ నన్ను పంపిస్తూ, "బస్, ఏక్ సిగ్నేచర్ చాహియే" అన్నాడు. సుభద్ర మేడం గదిలో కుర్చీల నిండా పుస్తకాలు. ఒక దొంతర పక్కకు జరిపి నన్ను కూర్చోబెట్టి, నా గ్రాఫులన్నీ ఓపిగ్గా చూశారు. లెక్కలు చేస్తున్న విద్యార్థులకు ఎక్కువ మార్కులు, ఊరికే కూర్చున్నవాళ్లకు తక్కువ. చూడ్డానికి ముచ్చటగా ఉంది. "బావుంది బాబూ. ఏదీ, నాకు పెట్టు" అన్నారు. పట్టీ పెట్టాను. ఆవిడ సొరుగులోంచి డబ్బా తీసి, చేగోడీ ఒకటి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టారు. నా ల్యాప్‌టాప్ తెర మీద అంకె ఎగబాకి తొంభై నాలుగు దగ్గర ఆగింది. "చూశావా, నా ఏకాగ్రత." చేగోడీ మింగేశాక పెదాలు కాస్త తెరిచి, దవడ వదులుగా వేలాడేసి, కళ్లు మూసుకుని పదిహేడు ఇరవైమూళ్లు మనసులోనే కట్టి, "మూడువందల తొంభై ఒకటి" అన్నారు. ఆ లెక్క కడుతున్నంతసేపూ తెర మీద పందొమ్మిది దాటలేదు.

"మేడం, గిది మెదడును చూస్తలేదా? దవడను చూస్తున్నదా?" అన్నాను. "కణత మీద చెయ్యేసి పళ్లు బిగించు. కండ కదిలిందా? దాని చప్పుడు ముందు మెదడు చప్పుడు ఏపాటిది? కష్టమైన లెక్క వస్తే కుర్రాళ్లు పళ్లు బిగిస్తారు. మీరు దానికి మార్కులేస్తున్నారు" అని ఆవిడ పడిపడి నవ్వారు. నన్ను చూసి కాదు, పట్టీని చూసి. అందుకే నాకు ఏడుపు రాలేదు. నా జియా సరాయ్ కథ కూడా చెప్పేశాను. ఆవిడ నవ్వు ఆపి, "నీకు శ్రద్ధ లేదని ఎవరు కొలిచారు?" అని అడిగారు. ఎవరూ కొలవలేదు. రెండు పరీక్షలు తప్పితే ఆ పేరు పెట్టారంతే. అది నాకు ఆ క్షణం దాకా తట్టలేదంటే నమ్మండి.

ఆవిడ సంతకం పెట్టలేదు, అలాగని తలుపూ వేయలేదు. మూడు శనివారాలు జట్టంతా తన ల్యాబ్‌కి రావాలన్నారు. ఏ ఫలితం వస్తే మాది తప్పని ఒప్పుకుంటామో ప్రయోగానికి ముందే రాసివ్వాలి. ఎలా వచ్చినా ఆవిడ ప్రచురిస్తారు, కంపెనీ అడ్డు చెప్పకూడదు. "మీ వివేక్‌కి నేను ఫోన్ చెయ్యను. కంపెనీ లోపలి మాట లోపలివాళ్లే చెప్పుకోవాలి" అంటూ చేగోడీల డబ్బా నా చేతిలో పెట్టారు.

మర్నాడు వివేక్‌కు పట్టీ పెట్టి, చేగోడీలు ముందు పెట్టాను. ఆయన నములుతూ తెర చూసి, "దేఖా? నైంటీ సెవెన్" అని భుజాలెగరేశాడు. ఆయన ఇంకోటి నమిలాడు. ఆపాడు. అంకె పడిపోయింది. మళ్లీ నమిలాడు. నాలుగోసారికి డబ్బా మూత పెట్టి, "సిగ్నేచర్ ఇచ్చే ప్రొఫెసర్ ఇంకొకరు దొరుకుతారు, తెలుసా?" అన్నాడు. "తెలుసు సార్. కానీ గా పిల్లల ఇండ్లకు పోయేది దవడ మార్కులు" అన్నాను. ఆయనకూ కోచింగ్‌కు వెళ్లే కూతురుంది. "ఠీక్ హై, శనివారం వెళ్దాం" అన్నాడు.

ఆ మూడు శనివారాలు నా ఉద్యోగ జీవితంలో పండుగ రోజులు. నల్లబల్ల మీద మా ఓటమి షరతు మేమే రాశాం, వివేక్ కింద సంతకం చేశాడు. తీగలకు టంకం వేయడం మేడంకు మా ఇంజినీరు ఫర్హా నేర్పింది. రెండుసార్లు వేళ్లు కాల్చుకుని కూడా ఆవిడ వదల్లేదు. కండ సంకేతాలను తీసేసి చూస్తే, శ్రద్ధ మార్కు బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. మేమే ఓడిపోయాం. వివేక్ కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి బేరం వద్దన్నాడు. జట్టును రెండు నెలలు మాత్రం ఉంచగలనని మాకు చెప్పాడు. అందరం టీ కప్పులు పట్టుకుని కూర్చున్నప్పుడు నేనే అడిగాను. "మేడం, గిది దవడను గింత మంచిగ పట్టుకుంటదంటే, దవడతోనే పనుండేటోళ్లు ఎవరన్న ఉంటరా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఫోన్ తీసి తనకు తెలిసిన ఒక డాక్టరుకు చేశారు.

అలా నెలన్నర తర్వాత ఢిల్లీ కంటోన్మెంట్ దాటాక ఉన్న ఒక అద్దె ఇంటికి వెళ్లాం. సైన్యంలో పనిచేసి రిటైరైన కడప సుబేదారు గారు ఉండే ఇల్లు అది. మెడ దగ్గర వెన్నుకు దెబ్బ తగిలి చేతులూ కాళ్లూ కదలవు, గొంతులో గొట్టం వల్ల మాట రాదు. ఎనిమిది నెలలుగా ఆయన భార్య ఈశ్వరమ్మ గారు ఆ గది గుమ్మం దాటి పది నిమిషాలు ఉండలేదు. ఆయనకు ఏం కావాలన్నా పిలిచే దారి లేదు మరి. పట్టీ కొత్తగా కుట్టాం. వరుసగా రెండుసార్లు పళ్లు బిగిస్తే ఆమె నడుముకున్న చిన్న పెట్టె మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏం గావల్లయ్యా?" అంది. ఆయనకేమీ అక్కర్లేదు. మళ్లీ మోగించాడు. "ఊరికే పిలుస్తాండావా నన్ను?" అంటూనే ఆమె కళ్లొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను.

"మేడ మీదికి పోయి గుడ్డలు ఆరేసుకుంటే ఆడిదాకా ఇనపడతాదా?" అని అడిగింది. నేను వినపడుతుందని చెప్పబోయాను. మేడం నా చెయ్యి పట్టి ఆపి, "చూద్దాం పట్టు. పదిసార్లు" అని నోటుపుస్తకం తీశారు. ఆమె బకెట్‌తో పైకి వెళ్లింది. ఆయన పళ్లు బిగించడం, పైనుంచి "వస్తాండా" అనే కేక, మెట్ల మీద చెప్పుల చప్పుడు. అలా తొమ్మిదిసార్లు ఎక్కింది, దిగింది, ఒక్కసారీ తప్పలేదు. పదోసారి పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. పట్టీ ఊడిందా, బ్యాటరీ పోయిందా అని వెతుకుతున్నాను. అంతలో పక్క మేడ ఆవిడతో ముచ్చట్లలో ఉన్న ఈశ్వరమ్మ గారి గొంతు తీరుబడిగా దిగొచ్చింది. "ఇనపడిందిలే, ఉండు."

సుబేదారు గారి కళ్లు నవ్వాయి. ఎనిమిది నెలల తర్వాత పెళ్లాం ఆయన్ని కాసేపు ఆగమంది. మేడం పుస్తకంలో, "పదోసారి: విన్నది, రాలేదు. యంత్రం తప్పు లేదు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం చేశారు.

ఆ పట్టీ అలాంటి మరికొన్ని ఇళ్లకూ వెళ్లి మా జట్టును నిలబెట్టింది. మేడం రిటైరై విశాఖలో బడిపిల్లలకు సూక్ష్మదర్శినిలో చేపపిల్లల మెదడు చూపిస్తున్నారు, ఫోన్ చేస్తే ముందు నవ్వే వినిపిస్తుంది. నేను ఇవాళ్టికీ ఏ కొత్త యంత్రం చేతికొచ్చినా, అది ఎక్కడ తప్పుతుందో ముందు వెతుకుతాను. తప్పు దొరికిన రోజున జట్టందరినీ పిలిచి స్వీట్లు పంచుతాను.