నేను నవ్వులపాలు చేసిన అయ్య నడక

గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. ఫిషింగ్ హార్బర్‌లో నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టుకే నవ్వుతారు. బోటంత చేపని ఒంటిచేత్తో లాగానని చెప్పుకు తిరిగే నోరు నాది.

మా అయ్యకి డెబ్బై నాలుగు. నలభై ఏళ్లు బోటు నడిపిన సరంగు. పోయినేడాది ఓ పొద్దున జెట్టీ మీద నడుస్తూ పక్కకి తూలి, ఐస్ పెట్టె పట్టుకున్నాడు. చేపల వేలం దగ్గర అందరూ చూశారు.

"ఏటి బావా, మీ అయ్యకేటైంది?" అన్నాడు పక్క బోటు అప్పన్న.

నా నోరు ఊరుకుంటుందా? "సీసా మొత్తం ఒక్కడే తాగీసినాడు బావా. ఇంకా దిగనేదు" అన్నాను.

అయ్య జన్మలో మందు ముట్టలేదు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన విన్నాడు. ఐస్ పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత ఆయన తూలినప్పుడల్లా అదే కథకి కొత్త తోక తగిలించాను. అయ్య గోడలు పట్టుకోవడం మానేశాడు. చేతికర్ర కొనిస్తే మూలకి విసిరేశాడు. పట్టుకుంటే తాగినోడంటారని. అలా ఏదీ పట్టుకోకుండానే బాత్రూం గుమ్మంలో పడ్డాడు. ఎక్స్‌రేలో హిప్ ఫ్రాక్చర్.

ఆపరేషన్ అయ్యాక, టెస్టులన్నీ చూసి డాక్టరుగారు చెప్పారు: "షుగర్ వల్ల న్యూరోపతి, నరాలు దెబ్బతిన్నాయి. పాదాలకి నేల తెలియట్లేదు. ముందే తేవలసింది. తూలుతుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?"

చూశాం సార్. నవ్వాం కూడా. పైకి మాత్రం "మందులెక్కడ కొనాల సార్?" అన్నాను.

ఎముక అతికాక ఫిజియోథెరపీలో బయోఫీడ్‌బ్యాక్ మొదలుపెట్టారు. పట్టుకోవడానికి కమ్మీ ఉన్న ఓ పలక మీద నిలబెడతారు. ఒంటి బరువు ఎటు వాలితే ఎదురుగా తెర మీద చుక్క అటు పోతుంది. దాన్ని వలయం లోపలే ఉంచాలి. పాదాలు చెప్పలేనిది కళ్లకి చూపించడమన్నమాట. మొదటి రోజు ఆ చుక్క గిలగిలా కొట్టుకుని గీత దాటేసింది. అయ్య కమ్మీ వదలకుండా, ఫిజియో అమ్మాయితో మెల్లగా అన్నాడు: "నాను తాగనేదు పాపా."

"అయ్యో తాతగారూ, అలా ఎవరన్నారు?"

నేను నా చెప్పులకేసి చూసుకున్నాను.

మర్నాడు రానన్నాడు. వారం పోయింది. నా భార్య "మావయ్యా, నాకోసం" అని బతిమాలితే కదిలాడు. ఈసారి తెరని చాలాసేపు చూసి, "బోటుని చానల్లోంచి హార్బర్ లోపలికి తెచ్చినట్టే కదేటి!" అన్నాడు. ఇక ఆ చుక్క ఆయన బోటు. వేళ్లు నొక్కితే ముందుకి, మడమ నొక్కితే వెనక్కి. మూడు నెలలకి కమ్మీ వదిలి నిలబడ్డాడు.

ఇప్పుడు కర్ర పట్టుకుని రోజూ హార్బర్‌కి నడుస్తాడు. మొన్న వేలం దగ్గర, అందరి ముందూ, "ఆ తాగుడు కథ నేనే అల్లాను" అని ఒప్పుకున్నాను. అయ్య నవ్వి నా వీపు తట్టాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు గోడ పట్టుకుని నడుస్తుంటే వయసులే అనుకోకండి, ఎకసెక్కాలాడకండి. పాదాల స్పర్శకి, బ్యాలెన్స్‌కి పరీక్ష చేయించండి.

ఇక నా ఒట్టు సంగతి. వేలం దగ్గర నేనేమీ ఒప్పుకోలేదు. అయ్య నా వీపు తట్టలేదు. ఆయన హార్బర్ గేటు దాకా నడుస్తాడు, కాసేపు నిలబడతాడు, వెనక్కి వచ్చేస్తాడు. కాళ్లు సరిగానే ఉన్నాయి. లోపల జనం ఉన్నారు, వాళ్ల దగ్గర నా కథ ఉంది. అది నేనే అల్లానన్న ఒక్క నిజం వెళ్లి చెప్పాలి. ఇన్నేళ్లూ నా అబద్ధాలకి నవ్విన వాళ్లు దానికీ నవ్వుతారేమోనని ఇంకా గేటు బయటే నిలబడ్డాను, అయ్య పక్కన.