దిగుతవా అని అడిగిండు

“గా ఫోటోల నువ్వు గూడ ఉంటే మంచిగుంటుండె,” అన్నడు మా ముసలాయన, తాండూరు దవఖాన మంచం మీద పండుకొని. “నీకు నయమైనంక ఇద్దరం దిగుదాం తియ్, జరసేపు కన్ను మూయి,” అన్న నేను. మూసిండు, మల్ల తెరువలే. మా ఇద్దరి ఆఖరి మాటలు గవే.

ఇయ్యాల అవి ఎందుకు యాదికొచ్చినయంటే, మా బిడ్డ బిడ్డ అండమాన్ పోతున్నది. సముద్రం నడుమ దీవులంట. అక్కడ ఫోటోలు ఎట్ల తియ్యాల్నో తీస్కపోయేటోళ్లు ఫోన్ల పంపిన్రని చదివి వినిపిచ్చింది: మనుషులను తీసేముందు అడగాలె, వద్దంటే ఊకోవాలె, అడవిల ఉండేటోళ్లనైతే తియ్యనే వద్దు, తీస్తే జైలంట. “ఫోటో తీస్తే అరిగిపోతరా అమ్మమ్మా?” అని నవ్వింది. అరిగిపోరు గని, గా అడుగుడు ముచ్చట నాదొకటున్నది, నాకు సంతకం తప్ప రాయరాదు, నేను చెప్త, నువ్వు రాయి బిడ్డా అన్న.

కోట్‌పల్లి చెరువు కాడికి మేమిద్దరం గొర్లను తోలుకపోయే రోజులల్ల, ఒక ఐతారం, పట్నపాయన ఒకడు మెడల కెమెరా ఏసుకొని వచ్చి, “తాతా, దిగుతవా?” అని మర్యాదగ అడిగిండు. మా ముసలాయన ఆయనదేదో నీళ్లల్ల పడ్డదనుకున్నడు. భుజం మీద గొర్రెపిల్ల ఉండంగనే, ధోతి ఎగ్గట్టి మోకాళ్ల లోతు దిగి, “ఏం పడ్డది నాయినా, యాడ?” అని దేవులాడబట్టె. నేను కడుపు పట్టుకొని నవ్విన. సంగతి సమజైనంక ఆయన గూడ నవ్విండు, గా నవ్వే ఫోటోల పడ్డది. మల్ల గా పట్నపాయన నా దిక్కు తిరిగి, “అమ్మా, నువ్వు గూడ దిగుతవా?” అంటే, గీ మాసిన చీరతోని నేనెట్ల దిగుత, వద్దని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్న. ఇంకో మాట అనకుండ కెమెరా దించిండు. మల్ల ఐతారం ఫోటో తెచ్చిచ్చి పోయిండు. గదే ఇప్పుడు గోడకున్నది.

ఇప్పుడు గా కట్ట మీదికి ఐతారమైతే మస్తు మంది వస్తరు, పడవలెక్కుతరు, నేను, నా గొర్లు కనవడంగనే ఫోన్లు లేపుతరు, దిగుతవా అని అడిగే మనిషే లేడు. నా మొఖం ఎవరెవరి ఫోన్లల్ల ఉన్నదో నాకే ఎరుక లేదు, ఆయన పక్కన మాత్రం యాడ లేదు. అడిగినాయన తప్పేం లేదు, వద్దన్న నోరు నాదే.

నువ్వు గూడ గట్లనే అడుగు బిడ్డా, వద్దంటే చెయ్యి దించు. సరే, రాసింది మొదటికెల్లి చదువు. ఆయన మాట కాడ జర మెల్లగ చదువు.