అచ్చుతప్పులాయన

ప్రూఫులు దిద్దే ఆయన్ని వీధిలో అందరూ అచ్చుతప్పులాయన అంటారు. దుకాణం బోర్డులో ఒక్క ఒత్తు పోయినా లోపలికెళ్లి మరీ చెప్పివస్తాడు. తన పాత ల్యాప్‌టాప్ అంటే ప్రాణం. పసుప్పచ్చ గుడ్డతో అంచుల దాకా తుడవందే పని మొదలుపెట్టడు. మొదలుపెట్టగానే నెట్ పోతుంది. ఇవాళా పోయింది. అవతల ప్రెస్సువాళ్లు ఆఖరి పేజీల కోసం మిషన్ ఆపుకుని కూర్చున్నారు. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఫోన్లో నెట్ కంపెనీ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు. “ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి సార్,” అంది ఆ పిల్ల. “పొద్దుట్నుంచీ అదే చేసి చస్తున్నానమ్మా! తప్పు మీ దగ్గర పెట్టుకుని నన్నంటారేంటి?”

ఆ కేకలకి భార్య వచ్చి, ల్యాప్‌టాప్ ముందంచున ఉన్న బుల్లి వైఫై మీటను వేలితో పక్కకి జరిపింది. దాని పక్కనున్న ఎర్రలైటు నీలంగా మారింది. నెట్ వచ్చేసింది. “మీరు తుడిచినప్పుడల్లా ఈ మీటే పక్కకి జరిగిపోతోందండీ,” అంది. ఆయన వింటేగా! “చూశావా, గట్టిగా అడిగితేగానీ కదలరు,” అంటూ ఫోన్ పెట్టేశాడు. ఆ సంబరంలో గుడ్డ అందుకుని, పేజీలు పంపకముందే, ఈ చివర నుంచి ఆ చివరికి ముద్దుగా తుడిచాడు. నీలంలైటు ఎర్రబడింది. భార్య మీట జోలికి పోలేదు. ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

“కానివ్వండి. ఇంకోసారి గట్టిగా అడగండి.”