పెరుగు డబ్బా మూత కింద వెలుతురు

దయ్యాల మాట ఎత్తిన చోటు నుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మా ఇంట్లో తాయెత్తు కట్టుకున్నవాళ్ళు లేరు, దిష్టి తీయించుకున్నవాళ్ళు లేరు. ఇది రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. జరిగిన వింత కంటే అందులో నా ప్రవర్తన చెప్పుకోవడమే కష్టమైంది.

మా తాతగారికి మలక్‌పేటలో బంగళా ఉండేది. మేమిప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి పోర్షన్‌లో ఉంటున్నాం. ఆ బంగళా సామానులో నాకు దక్కింది తాతగారి ఎన్లార్జర్ ఒక్కటే. నెగెటివ్‌లోని బొమ్మను పెద్దదిగా కాగితం మీద వేసే యంత్రం అది. ఆదివారం మధ్యాహ్నాలు స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి ఫోటోలు కడుగుతాను.

కాగితానికి ఎంతసేపు వెలుతురు ఇవ్వాలో తెలియడానికి నాకొక పద్ధతి ఉంది. లెన్సు కింద తెల్లటి పలచని అడ్డు పెడితే బొమ్మంతా చెదిరి, ఒకే వెలుతురుగా కలిసి కిందపడుతుంది. దాన్ని మీటరుతో కొలుస్తాను. అడ్డు కోసం పాల కవరు, బటర్ పేపరు వాడి చూశాను. చివరికి పెరుగు డబ్బా మూత కుదిరింది.

"మూతలన్ని మీరే పట్టుకపోతె పెరుగు మీద నా చెయ్యి పెట్టుకొని కూసోనా?" అని మా ఆవిడ దెప్పింది.

మా కుటుంబం నెగెటివ్ ఒకటి నా దగ్గర ఉంది. తాతగారు, ఆయన తమ్ముళ్ళు నిలబడి ఉంటారు. అంచున కుర్చీలో మా ఇంట్లో పనిచేసిన మల్లమ్మ కూర్చుని ఉంటుంది. రెండేళ్ళ మా నాన్న పక్కన నిలబడి ఆమె కొంగు పట్టుకుని ఉంటాడు. ఆమెను వదిలితే ఏడుస్తున్నాడని అలా కూర్చోబెట్టారట. దొరలు నిలబడి ఉంటే పనిమనిషి కుర్చీలో కూర్చున్న ఫోటో అది. నేను దాన్ని ఎవరికీ చూపించలేదు.

మల్లమ్మ కూతురు లక్ష్మమ్మ ఎల్బీనగర్‌లో పూలమ్ముతుంది. తల్లి పోయేనాటికి ఆమె చిన్నపిల్ల. తల్లి ముఖం గుర్తులేదు. ఆ యేడు, పోయినవాళ్ళకు అన్నం పెట్టే పెత్రమాసకు నెల ముందు మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడింది.

"మా అమ్మ ఆ ఫోటోల ఉన్నదని మీ నాయిన చెప్పిండు దొరా. ఒక్కటి తీసియ్యిన్రి. పెత్రమాస నాడు ముందట పెట్టుకొని బువ్వ పెడ్త."

"అందులో మీ అమ్మ లేదు లక్ష్మమ్మా" అన్నాను. ఏమీ తడుముకోలేదు.

రెండు వారాలకు మా పినతండ్రి కొడుకు ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళిలో హాలు గుమ్మం దగ్గర పెట్టడానికి పెద్దల ఫోటో కావాలన్నాడు. ఆదివారం ఆ నెగెటివ్ ఎక్కించాను. మూత పెట్టి కొలిస్తే మీటరు సూది పదకొండు దగ్గర ఆగింది. తర్వాత నల్లకాగితం కత్తిరించి, నెగెటివ్ మీద మల్లమ్మ, కుర్చీ ఉన్న భాగం కప్పేశాను.

ఇక్కడొకటి చెప్పాలి. మల్లమ్మది ముదురు రంగు చీర. ముదురు రంగు నెగెటివ్‌లో పలచగా ఉంటుంది, వెలుతురు ఎక్కువగా అందులోంచే వస్తుంది. దాన్ని కప్పితే సూది బాగా కిందికి దిగాలి.

పదకొండు దగ్గరే ఉంది.

కాగితం జరిగిందేమోనని మూత తీసి చూశాను. కింద పడిన బొమ్మలో ఆ చోటు నల్లగానే ఉంది. చుక్క వెలుతురు లేదు. మూత పెడితే మళ్ళీ పదకొండు. మీటరు చెడిందేమోనని లెన్సు మొత్తం మూశాను. సున్నా. ఆమె మీది నల్లకాగితం తీసి, తెల్ల పంచెలో ఉన్న తాతగారిని కప్పాను. తెలుపు నెగెటివ్‌లో దట్టంగా ఉంటుంది, పెద్దగా తేడా రాకూడదు. అయినా సూది పదికి దిగింది. తాతగారి మీంచి కాగితం తీసి మళ్ళీ ఆమెను కప్పాను. పదకొండు.

సంగతేమీ చెప్పకుండా మా ఆవిడను పిలిచి సూది చూడమన్నాను. "పదకొండు" అని పొయ్యి మీద పప్పు ఉందంటూ వెళ్ళిపోయింది.

కప్పేసిన మనిషి వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది? అరగంట ఆ గదిలో నిలబడ్డాను. మా ఇంటి మగవాళ్ళు అన్నం తిన్నది ఆమె చేతి వంటే. మా నాన్న నడక నేర్చింది ఆమె వేలు పట్టుకుని. నల్లకాగితం తీసేశాను. అందరూ ఉన్న ఫోటోలు రెండు వేశాను, పెళ్ళికొకటి, లక్ష్మమ్మకొకటి.

పెత్రమాస రేపనగా ఎల్బీనగర్ వెళ్ళాను. లక్ష్మమ్మ ఫోటోను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"నా గదవనే" అంటూ తన గడ్డం తడుముకుంది.

లేదని అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. మా వంశంలో ఎవరైనా ఆమె వంటి మనిషి ముందు తలవంచారో లేదో నాకు తెలియదు. నా మెడ మాత్రం సులువుగా వంగలేదు.

"ఎరికే దొరా. మీరు లేదన్ననాడే ఎరికైంది. మీరు నా మొకం దిక్కు చూస్తలేరు అప్పుడు" అంది. కోపంగా అనలేదు. నా కోసం చాయ్ పెట్టింది.

తర్వాత అదే నెగెటివ్, అదే మూత, అదే నల్లకాగితంతో నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ సూది దిగాల్సినంత దిగింది. ఆ మధ్యాహ్నం ఎందుకు దిగలేదో ఈనాటికీ చెప్పలేను.

సూది సంగతి లక్ష్మమ్మకు చెప్పలేదు. చెబితే భయపడి తెచ్చిచ్చాననుకుంటుంది. కాదని ఒట్టు వేయడానికి నాకు నోరు రావడం లేదు.