పద్దెనిమిదో పువ్వు

పూల మేస్త్రీ అంటే తోటపని చేసేవాడు అనుకునేరు. ఆయన పూలకు నీళ్ళు తగిలితే అసలుకే మోసం. పెద్ద పెద్ద భవనాల లోకప్పులకు అచ్చుపోసిన ప్లాస్టరు పూలు బిగించడం ఆయన వృత్తి. నలభై ఏళ్ళు మెడ వెనక్కి వాల్చి పనిచేశాడేమో, ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ముందు కప్పును పలకరించి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. కూతురు నవ్వుతుంది. అల్లుడు ఊరుకుంటాడు.

ఆ ఆదివారం పొద్దున కూతురు బాల్కనీలో ఆరేసిన పిల్ల గౌను తీస్తూ చల్లగా చెప్పింది.

"నాన్నా, పదకొండింటికి టౌన్‌హాలు చూడ్డానికి వెళ్తున్నాం. మూడు టిక్కెట్లు తీసుకున్నాను. మున్సిపల్ కార్యాలయం కొత్త భవనానికి మార్చేశారుగా, పాతదాంట్లోకి ఇప్పుడు అందర్నీ రానిస్తున్నారు. నువ్వు చేసిన కప్పు నీ మనవరాలికి చూపించవా?"

మేస్త్రీ మోకాళ్ళ నొప్పి అన్నాడు. ఎండ అన్నాడు. అవన్నీ నిన్న సాయంత్రం పార్కులో మూడు చుట్లు తిరిగినప్పుడు లేవా అంది కూతురు. "సరే, మీరు వెళ్ళి రండి" అనబోయి ఆగిపోయాడు. వాళ్ళిద్దరూ తను లేకుండా వెళ్ళి ఆ హాల్లో కూర్చుంటారు. ఎక్కడ కూర్చుంటారో ఎవరికి తెలుసు? గబగబా చొక్కా మార్చుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ సభామందిరం కప్పుకు ఇరవై నాలుగు పూలున్నాయి. ఒక్కోటి పదిహేను కిలోలు. పువ్వు వెనక నాలుగు చెవులుంటాయి. నాలుగింటినీ రాగి తీగతో పైన దూలాలకు కట్టి, అప్పుడు చుట్టూ ప్లాస్టరు పూస్తారు. ఆయనకు పని నేర్పిన గురువు ఒకే ఒక్క మాట వెయ్యిసార్లు చెప్పేవాడు. "ప్లాస్టరు తేమ పీలుస్తుందిరా. రాగి తప్ప ఇంకేదీ కట్టకండి. ఇనుము కడితే ఇవాళ కాకపోయినా రేపైనా తుప్పు పట్టి తెగుతుంది. కింద ఉండేది మనిషి తల."

ముప్పై నాలుగేళ్ళ కిందట, ప్రారంభోత్సవానికి ముందు రోజు, పద్దెనిమిదో పువ్వు దగ్గర రాగి తీగ నాలుగు బారలు తక్కువైంది. దుకాణాలు మూసేశారు. కింద కార్పెట్లు పరిచేవాళ్ళు దిగవయ్యా దిగు అని తొందర పెడుతున్నారు. మేస్త్రీ సంచిలో ఒక ఇనుప తీగ ఉంది. దాంతో కట్టేశాడు. పైన పటారం, లోన లొటారం. తర్వాత వచ్చి మారుద్దామనుకున్నాడు. తర్వాత ఆ హాల్లోకి మేస్త్రీలను ఎవరు రానిస్తారు?

అప్పట్నుంచీ ఆయన రోజూ పేపర్లో నగర వార్తల పేజీ ముందు చదువుతాడు. రాజకీయాల పిచ్చి అనుకునేది భార్య, పాపం, చివరి దాకా. ఆయన వెతికింది ఒక్క వార్త కోసం. గట్టి వాన పడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. చెబుదామని రెండుసార్లు టౌన్‌హాలు గేటు దాకా వెళ్ళాడు కూడా. మొదటిసారి పని పోతుందని వెనక్కొచ్చాడు. రెండోసారి, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తోచక వెనక్కొచ్చాడు. మంచివాడే, కానీ పిరికివాడు. ఆ మాట నేను అనడం కాదు, ఆయనే అనుకునేవాడు.

టౌన్‌హాలు మెట్ల మీద గైడు, కళ్ళజోడు పెట్టుకున్న చలాకీ అమ్మాయి, పాతికమందిని లెక్కపెట్టి లోపలికి తీసుకెళ్ళింది. చెక్క మెట్లు, ఇత్తడి పిడులు, గోడలనిండా ఏనాటివో పెద్దమనుషుల బొమ్మలు. అందరూ బొమ్మలు చూస్తుంటే మేస్త్రీ గోడల్లో చెమ్మ మరకలు చూస్తున్నాడు.

సభామందిరంలో అడుగుపెట్టగానే గుమ్మం దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. కిటికీల వైపు మూడో బెంచీకి సరిగ్గా పైన. తెల్లగా రంగు వేశారు. కానీ ఒక రేక పక్కన, టీ చుక్క ఒలికి ఆరినట్టు, సన్నటి గోధుమరంగు గీత. ఇంకెవరి కంటికీ ఆనదు.

"అందరూ కూర్చోండి, ఇప్పుడు కప్పు చూద్దాం" అంది గైడు.

మనవరాలు పరిగెత్తుకెళ్ళి మూడో బెంచీ మీద వెల్లకిలా పడుకుంది. "తాతా, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది."

"లే. అక్కణ్ణుంచి లే" అన్నాడు మేస్త్రీ. పిల్ల లేవలేదు. ఆయన వెళ్ళి జబ్బ పట్టుకుని లాగేశాడు. ఏడేళ్ళలో తాత ఒక్కసారి కూడా అలా పట్టుకోలేదు. పిల్ల మొహం ముడుచుకుంది. కూతురు వింతగా చూసింది.

"ఈ పూలు బిగించిన వాళ్ళెవరో మా రికార్డుల్లో ఎక్కడా లేదండి" అంటోంది గైడు.

కూతురు లేచి నిలబడింది. "మా నాన్నగారండీ. ఈయనే."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. బళ్ళో బహుమతి అందుకున్న రోజు కూడా అంత వెలగలేదు. పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు. "రెండు మాటలు చెప్పండి పెద్దాయనా" అంది గైడు. ఇద్దరు ఆడవాళ్ళు తీరిగ్గా వచ్చి మూడో బెంచీ మీద కూర్చున్నారు.

నవ్వి దండం పెట్టి ఊరుకుంటే చాలు. ఇన్నేళ్ళు పడనిది ఈ పది నిమిషాల్లో పడుతుందా? బయటికెళ్ళి రేపు ఒక ఉత్తరం రాసి పడేయొచ్చు, పేరు లేకుండా. ఇలాంటి ఉపాయాలన్నీ ఆయనకు కొత్తవేం కావు. కూతురి వైపు చూశాడు. ఆ వెలుగు ఇంకా అలాగే ఉంది. దాన్ని తనే ఆర్పాలి.

"అమ్మా, మీరిద్దరూ ముందు ఆ బెంచీ మీంచి లేవండి" అన్నాడు. "ఆ పైనున్న పువ్వు నేను సరిగ్గా కట్టలేదు. రాగి తీగతో కట్టాల్సింది, ఇనుప తీగతో కట్టాను. పడిపోతుంది."

అందరూ నవ్వారు. పెద్దాయన తమాషా చేస్తున్నాడు అనుకున్నారు. ఆయన నవ్వలేదు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు.

గైడు భవనం చూసుకునే మనిషిని పిలిపించింది. అతను పొడుగాటి కర్ర తెచ్చి, ముందు పక్కనున్న పదిహేడో పువ్వును తట్టాడు. గట్టిగా పలికింది. పద్దెనిమిదో పువ్వును తట్టాడు. బోలుగా పలికి, బెంచీ మీద ఇంత తెల్లటి పొడి రాలింది. జనం గోడల దాకా జరిగారు. మూడో నిమిషంలో హాలు ఖాళీ చేయించారు. నిచ్చెన వేసి ఇద్దరు పైకెక్కితే, మేస్త్రీ కింద నిలబడి చెయ్యి ఎక్కడ పట్టాలో, రంపం ఎక్కడ పెట్టాలో చెప్పాడు. పువ్వు కిందికి దిగింది. నాలుగు కట్లలో మూడు ఏనాడో తెగిపోయాయి. నాలుగోది భవనం చూసుకునే మనిషి వేలితో లాగగానే పొడైంది.

"వచ్చే వారం ఇక్కడ బడిపిల్లల పాటల పోటీ పెట్టుకున్నాం పెద్దాయనా" అన్నాడతను. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది మేస్త్రీకి. ఇంకేమైనా అలా కట్టారా అని అతను అడిగాడు. లేదు, ఇదొక్కటే అని మేస్త్రీ చెప్పాడు. అయినా అన్నీ చూసుకుంటామన్నాడు. చూసుకోక ఏం చేస్తారు, ఇక ఆయన మాట ఎవరు నమ్ముతారు?

బస్సులో కూతురు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అన్నానికి పిలవకుండా బాల్కనీలోకి వెళ్ళి ఆరిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వెప్పుడూ కొలతలో తప్పవుగా నాన్నా. ఆ రోజు తీగ ఎందుకు తక్కువైంది?"

లెక్క తప్పిందని చెప్పొచ్చు. ఒక్కోసారి తప్పుతుంది కదా.

"నువ్వు పుట్టి నెల. ఇక్కడ బట్టలారేసుకోడానికి ఇనుప తీగ ఉండేది. నీ గుడ్డలన్నిటికీ తుప్పు మరకలు. మీ అమ్మ రోజూ గొణిగేది. అక్కడ టౌన్‌హాలు పనిలో రాగి తీగ చుట్టలు చుట్టలు ఉంది. నాలుగు బారలు తెచ్చి ఇక్కడ కట్టాను. ఆ ఇనుపది పారేద్దామని సంచిలో వేసుకున్నాను. మర్నాడు పైన తక్కువైతే..."

కూతురి చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. తీగ నల్లబడిందే గానీ చెక్కు చెదరలేదు. తన గుడ్డలు, బడి గౌనులు, ఇప్పుడు తన పిల్ల గౌనులు, అన్నీ దాని మీదే ఆరాయి.

"అమ్మకి తెలుసా?"

"కొన్నానని చెప్పాను."

ఆమె మిగిలిన బట్టలన్నీ తీసి పిల్ల చేతుల్లో పెట్టింది.

"ఆ చివర ముడి విప్పు నాన్నా. రేపు పట్టుకెళ్ళి ఇచ్చేద్దాం. ఆ పువ్వు మళ్ళీ కట్టుకోవాలిగా వాళ్ళు."

"మరి నా గౌను ఎక్కడ ఆరేస్తావమ్మా?" అంది పిల్ల.

"కుర్చీ మీద."

మేస్త్రీ స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. కింద కూతురు స్టూలు కదలకుండా పట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళ కిందట తన చేత్తో వేసిన ముడి. ఎంత తిప్పినా ఊడి రాలేదు. వేళ్ళు నొప్పెట్టాక, పట్టకారు తెమ్మని మనవరాల్ని పంపాడు.