ప్రాసెసర్‌ను వేళ్లతో ఒత్తిన ఎండాకాలం

పాత కంప్యూటర్ డబ్బా మూత విప్పితే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. అది ముక్కుకు తగలగానే నాకు వరంగల్‌లో ములుగు రోడ్డు మీద చిన్నాయన అద్దెకు తీసుకున్న మేడమీది గది, ఎనభైల చివరి ఎండాకాలాలు గుర్తుకొస్తాయి.

సెలవులన్నీ నేను అక్కడే. ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిరపకాయల లారీల ఘాటుకు తుమ్ముతూ, రంజన్ కుండలో నీళ్లు ముంచుకు తాగుతూ, తాటిముంజలు ఒలుచుకుంటూ, మధ్యాహ్నాలు చిన్నమ్మతో గచ్చకాయలాడేదాన్ని. ఎవరైనా వస్తే మాత్రం సిగ్గేసి పాత వారపత్రిక మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

పిల్లలకు కంప్యూటర్ నేర్పిస్తానని చిన్నాయన మిల్లులో గుమాస్తా పని మానేశాడు. ఉన్నది ఒకటే మిషన్. పగలు కాగి రాత్రి చల్లారి, అందులోని చిప్పులు సాకెట్లలోంచి వెంట్రుకవాసి చొప్పున పైకి లేచేవి. నల్లటి జెర్రుల్లా రెండు పక్కలా కాళ్లున్న ఆ చిప్పులను పట్టి ఉంచే కొక్కెం ఏదీ ఉండేది కాదు. కాళ్లు ఎంత బిగువుగా దిగితే అంతే పట్టు. మిషన్ ఆగినప్పుడల్లా చిన్నాయన మూత తీసి ఒక్కొక్కదాన్నీ ఒత్తేవాడు.

"అది బొటనవేలా, రోకలా? బోర్డు పగులుతది," అని చిన్నమ్మ వెక్కిరించేది.

తెల్లారితే మొదటి బ్యాచ్ పిల్లలు తల్లిదండ్రులతో వస్తారనగా మిషన్ ఆగిపోయింది. ఎంత ఒత్తినా లేవలేదు. ఆ చిప్పులన్నిటిలో ముఖ్యమైన ప్రాసెసర్ ఒక పక్కకు లేచి వంకరగా ఉంది. పూర్తిగా తీసి, కాళ్లు రబ్బరుతో రుద్ది, మళ్లీ దింపాలి. కాలు విరిగితే వరంగల్‌లో ఇంకోటి దొరకదు. చిన్నాయన దాన్ని మెల్లగా ఊడదీసి, కాళ్లు రుద్ది, నా చేతికిచ్చాడు.

"నీ వేళ్లు సన్నగున్నయ్. జర నువ్వు పెట్టు బిడ్డా," అన్నాడు.

పెట్టి ఒత్తాను. ఒక కాలు సాకెట్‌లోకి దిగకుండా లోపలికి మడతపడింది. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన కసురుకోలేదు. చిప్పును పైకి తీసి, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో ఆ కాలును నిలబెట్టాడు. ఇంకోసారి వంగితే విరిగేదే. అయినా దాన్ని తెచ్చి నా అరచేతిలోనే పెట్టాడు.

"ఫికర్ చెయ్యకు. మళ్ల నువ్వే."

ఈసారి కాళ్లన్నీ గాట్లలో కూర్చున్నాయని వంగి చూసుకుని, ఆ కొస కొంచెం, ఈ కొస కొంచెం దింపాను. స్విచ్ వేయగానే తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. చిన్నమ్మ వేడివేడి సర్వపిండి తెస్తే చిన్నాయన మొదటి ముక్క తుంచి నా నోట్లో పెట్టాడు.

ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణముంది. ప్రాసెసర్లకు కాళ్లు కూడా పోయాయి. సన్నటి స్ప్రింగు మొనలన్నీ సాకెట్‌లోనే ఉంటాయి. ప్రాసెసర్‌ను వాటి మీద ఊరికే ఆనించి, ఇనుప చట్రం మూసి, పక్కనున్న కమ్మీని దించి కొక్కేనికి తగిలిస్తే చాలు. వేలి బలాన్ని కమ్మీ ఎన్నో రెట్లు పెంచితే, చట్రం అంతటా సమానంగా అదిమి పట్టుకుంటుంది. ఏ ఎండకూ లేవదు.

మొన్న చిన్నాయన, నేను కంప్యూటర్లు బాగుచేసే మా ఆఫీసుకు వస్తే ఆయనతోనే ఆ కమ్మీ దింపించాను. సగంలో కిర్రుమనేసరికి చటుక్కున చెయ్యి తీశాడు.

"అది అట్లనే అంటది చిన్నాయనా, దించు," అన్నాను.

దించి, చట్రాన్ని వేలితో కదిపి చూసి నవ్వాడు. "గింతేనా? గిట్లయితే ఎవలన్న పెట్టొచ్చు గద బిడ్డా!"

అవును, ఇప్పుడు ఎవరైనా పెట్టొచ్చు. అప్పుడు ఆయన నన్ను పెట్టమన్నాడు.