ఓనర్ తాత కారు, నేను దిద్దిన అంకె

ఓనర్ తాత పోయారని నాకు చెప్పింది మా అమ్మ. మంగళవారం పొద్దున నేను స్కూల్ షూ లేసులు కట్టుకుంటున్నాను. అమ్మ కింది నుంచి మెట్లెక్కి వచ్చింది. పాల ప్యాకెట్లు చేతిలో అలాగే పట్టుకుని "తాత లేస్తలేడు" అంది. ప్యాకెట్లు కింద పెట్టి, "పోయిండు" అంది. నేను రెండో షూ కూడా కట్టుకున్నాను. ఏడుపు రాలేదు. ఇంక ఆయనకు చెప్పే వీలు లేదు అని మాత్రం అనుకున్నాను. ఏం చెప్పాల్సి ఉండిందో ఇప్పుడు మీకు చెబుతాను.

నాంపల్లిలో మేం కిరాయికి ఉండే ఇల్లు ఆయనది. కింద ఆయన, పైన మేము. మా గల్లీలో అందరికీ ఆయన ఓనర్ తాతే. బేగం బజార్‌లో ఒక సేటు కిరాణా దుకాణంలో గుమాస్తాగా పని చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే వండుకుని తినేవారు. కూతురు హిమాయత్‌నగర్‌లో ఉంటుంది. నేను ఆమెను ఆంటీ అంటాను. ఆదివారాలు కూర గిన్నెలు పట్టుకుని వచ్చేది.

నాది నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదువుతుంటే ఒత్తుల దగ్గర ఆగిపోయేదాన్ని. తాతకేమో ఇంగ్లీషు ఫారాలంటే చిరాకు. అందుకని మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆయన ఫారాలు నేను నింపాలి, సాయంత్రం ఆయనకు తెలుగు పేపరు చదివి వినిపించాలి. అందులో ఆయనకు కావలసింది వార్తలు కాదు, లోపలి పేజీలో వచ్చే చిన్న ప్రకటనలు. ఎవరిదో పదో తరగతి సర్టిఫికెట్ బస్సులో పోయింది, ఎవరివో ఇంటి కాగితాలు ఆటోలో పోయాయి, అలాంటివి. నేను చదువుతుంటే నాలుక చప్పరించేవారు. "పాపం. జర మల్ల చదువు, పేరేందన్నవ్?" అనేవారు. వాళ్లెవరో మాకు తెలియదు. అయినా రెండుసార్లు చదవాల్సిందే. ఇవాళ నేను ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే ఆ పోయిన కాగితాల వల్లే.

"కాయితం సక్కగున్నోడు ఎవ్వని ముందట తల దించే పనిలేదు బిడ్డా" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. నాకు భయం ఎక్కువని ఆయనకు తెలుసు. "భయమైతే భయమైతుందని చెప్పెయ్యాలె. చెప్పినంక సగమే ఉంటది." నేను తల ఊపేదాన్ని. చెప్పేదాన్ని కాదు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన కారు ఉండేది. పాత అంబాసిడర్, పాలు ఎక్కువైన చాయ్ రంగు. ఆంటీ పుట్టినప్పుడు నొప్పులు పడుతున్న తాత భార్యను సేటు ఆ కారులోనే దవాఖానకు తీసుకెళ్లాడట. తర్వాత కొన్నేళ్లకు దాన్ని తాతకే ఇచ్చేశాడట. చెప్పులతో ఎక్కితే కారు మైలపడుతుందన్నట్టు తాత వాటిని గోడ పక్కన విడిచి, ఒట్టి కాళ్లతో నడిపేవారు. ఒక ఆదివారం చెప్పులు ఇంటి దగ్గరే మరిచిపోయి అబిడ్స్ దాకా వెళ్లి, ఫుట్‌పాత్ మీద పుస్తకాల కుప్పల మధ్య ఎండలో ఎగురుకుంటూ తిరిగారని ఆంటీ చెప్పి నవ్వేది. సేటు ఎప్పుడో పోయాడు. ఆయన పటం తాత ముందు గదిలో ఉండేది. శుక్రవారం శుక్రవారం దానికి అగరుబత్తి వెలిగించేవారు.

నేను చూసేటప్పటికి ఆ కారు కదలడం మానేసింది. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది, ఇన్సూరెన్స్ అంతకంటే ముందే పోయింది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ కింద మళ్లీ రిజిస్టర్ చేస్తారని పేపర్లో వస్తే నేనే చదివి వినిపించాను. రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకు, రిపేరుకు, పెట్రోలుకు తీసుకెళ్లొచ్చు.

"పెట్రోలుకు పోవచ్చన్నరా?"

"ఔ తాతా."

"ఇగ సాలు. ఆదివారం అబిడ్స్‌లనే పెట్రోల్ పోయిస్త. పోయించుకునేటోడు జర పుస్తకాలు చూస్తే తప్పేంది?"

ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పారు. "నేను పోయినంక దీన్ని తుక్కుకు ఏస్తరు. కాయితముంటే ఎయ్యరు."

దరఖాస్తుకు ఇన్సూరెన్స్ కావాలి. అబిడ్స్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్తే, రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందా అని అడిగారు. లేదు, దానికోసమే ఇన్సూరెన్స్ అన్నాం. ఆ టేబుల్ దగ్గర ఒక సార్ ఉండేవారు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకునే అలవాటు. "అంటే పెండ్లైతేనే పిచ్చి కుదురుతదంటున్నరు మీరు, పిచ్చి కుదిరితేనే పెండ్లంటున్నం మేము" అన్నారు. తాత ఆ మాటకు పడి పడి నవ్వారు. చివరికి ఆ సారే దారి చెప్పారు. పాత రిజిస్ట్రేషన్ బుక్కు తేవాలి, బండి ఫోటోలు తేవాలి, చాసిస్ నంబర్ పెన్సిల్ అచ్చు తేవాలి. అన్నీ సరిగ్గా ఉంటే పై ఆఫీసర్‌తో మాట్లాడి వింటేజ్ బండి కింద పాలసీ రాయిస్తామన్నారు.

పెన్సిల్ అచ్చు అంటే ఏంటో నాకూ అప్పుడే తెలిసింది. బండి చట్రం ఇనుము మీద కొట్టిన నంబరుంటుంది కదా, దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తెల్లగా పైకి తేలతాయి. ఆ కాగితాన్ని ఫారానికి అంటిస్తారు. తాత చేతులు వణుకుతాయి. "నీ వేళ్లు సన్నగున్నయ్, నువ్వు తియ్యి" అని బానెట్ ఎత్తి, నాకు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

మొదటి రెండు కాగితాలు చిరిగాయి. మూడోది బాగా వచ్చింది. ఒక్క అంకె తప్ప. అక్కడ తుప్పు పొక్కులు కట్టి ఉంది. కుడివైపు రెండు వంపులు తెలుస్తున్నాయి, ఎడమవైపు అంతా నల్లటి మరక. నేను రబ్బరు అంచుతో ఆ మరకలో ఇంకో రెండు వంపులు తుడిచి, అన్నీ కలిపి ఎనిమిది చేశాను. బుక్కు తెరిచి చూడాలని కూడా తోచలేదు. మూడు కాగితాలు పాడు చేశానని తాత అనుకోకూడదు, అంతే. ఆయన చాయ్ కప్పుతో వచ్చి కాగితాన్ని ఎండకు పట్టి చూసి, "శబాష్. అచ్చు గుద్దినట్టుంది" అన్నారు.

రెండు రోజుల తర్వాత అబిడ్స్‌లో ఆ సార్ బుక్కునూ అచ్చునూ పక్కపక్కన పెట్టారు. కళ్లద్దాలు కిందికి దించుకున్నారు.

"పెద్దాయనా, బుక్కుల మూడున్నది. అచ్చుల ఎనిమిదున్నది."

"గట్లెట్లుంటది సార్?"

"బండి వేరే అయితే ఉంటది."

"గదే బండి. నలభై ఏండ్ల సంది నా తాననే ఉన్నది."

"మీ తానకు రాకముందు ఏమైందో మీకేమెరుక? ఒక బండి కాయితాలు ఇంకో బండికి పెట్టి అంటగట్టేటోళ్లు అప్పుడు గూడ ఉన్నరు. లేదంటే నంబరెవలన్న దిద్దిన్రు. దిద్దితే మాత్రం పోలీస్ కేసే."

నేను ఫైలు గుండెకు ఆనించుకుని తాత పక్కనే ఉన్నాను. పోలీస్ అన్న మాట విన్నాక దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తాత తల దించుకుని ఆ రెండు కాగితాలనూ చూస్తూ నిలబడ్డారు.

ఇంటికి వచ్చాక భూతద్దం తెచ్చి బానెట్ మీదికి వంగారు. కళ్లలో శుక్లాలు, ఇనుము మీద తుప్పు. "నాకేం కనవడ్తలేదు బిడ్డా. నువ్వు చూసి తీసినవ్ గద. ఎనిమిదే గద?"

"ఔ తాతా" అన్నాను.

నేను ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ తర్వాత మూడు వారాలు ఆయన కారు గురించి మాట్లాడలేదు, సేటు గురించి మాట్లాడారు. "అమాయకుడు, వీనికేం తెలుస్తదని ఇచ్చిండేమో" అన్నారు ఒకసారి. "కొడుకా అని పిలుస్తుండె నన్ను" అన్నారు ఇంకోసారి. శుక్రవారం వచ్చింది, అగరుబత్తి వెలగలేదు. నాకు మాథ్స్ బుక్కులో అంకెలు కూడా చూడబుద్ధి కాలేదు.

చెబుదామని ప్రతిరోజూ కిందికి దిగేదాన్ని. ఇంగ్లీషులో సారీ చెప్పే వాక్యం నాకు బాగా వచ్చు, స్కూల్లో లేట్ అయినప్పుడల్లా అప్పజెప్పేదే. తెలుగులో ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు. సోమవారం సాయంత్రం కూడా దిగాను. తాత బత్తాయి వలుస్తున్నారు. సగం నాకిచ్చి, "ఇయ్యాల ఎవలెవలియి ఏమేం పోయినయట?" అని అడిగారు. పేపరు తిప్పి చూశాను. ఆ రోజు అలాంటి ప్రకటన ఒక్కటీ లేదు.

"ఎవ్వరివీ ఏం పోలేదు తాతా."

"మంచిగైంది" అన్నారు. "పో, చదువుకో. పరీక్షలున్నయ్ గద." నేను పైకి వచ్చేశాను. తెల్లారితే మంగళవారం.

పన్నెండో రోజు అయ్యాక ఆంటీ ఇల్లు సర్దుతుంటే నేనూ అమ్మా సాయానికి వెళ్లాం. అమ్మ వంటింట్లో ఉంది. బీరువాలో పాత దుప్పట్ల కింద సేటు పటం దొరికింది. తాతే దాన్ని గోడ మీంచి తీసి అక్కడ పెట్టినట్టున్నారు.

"నాయిన దీన్నెందుకు దాసిండు? ఫోన్ల గూడ సేటు మోసం జేసిండు, సేటు మోసం జేసిండు అని ఒకటే అంటుండె. నీకేమన్న ఎరుకనా?" అంది ఆంటీ.

నేను చెప్పేశాను. వరసలో రాలేదు. ముందు పోలీసుల గురించి చెప్పాను, తర్వాత తుప్పు గురించి, చివరికి ఎనిమిది గురించి. ఆంటీ పటం ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"నాయినకు చెప్పినవా?"

"లేదు ఆంటీ."

"మూడు వారాలు ఆ మనిషి సక్కగ అన్నం తినలే."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆంటీ నన్ను దగ్గరికి తీసుకోలేదు. తిట్టలేదు కూడా. పటాన్ని కొంగుతో తుడిచి, "లే. కిరోసిన్ ఎక్కడున్నదో చూడు" అంది. పాత టూత్‌బ్రష్‌తో ఇద్దరం ఆ తుప్పు రుద్దాం. పది నిమిషాలు పట్టలేదు. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే, ఎడమవైపు తెరుచుకుని మూడు పైకి వచ్చింది.

మరుసటి వారం అబిడ్స్ వెళ్లాం. ఆ సార్ మమ్మల్ని గుర్తుపట్టారు. ఆంటీ మాట్లాడుతుందనుకున్నాను. ఆమె కొత్త అచ్చు తీసి నా చేతికిచ్చింది. నేను దాన్ని టేబుల్ మీద పెట్టాను.

"సార్, ఆ ఎనిమిది నేను దిద్దింది. తాతకు తెలీదు. బండి ఆయనదే."

"ఏం చదువుతున్నవ్?"

"టెన్త్ సార్."

"తుప్పుంటే కనవడదు బిడ్డా. మస్తుమంది తప్పు అచ్చులే తెస్తరు. ఆ రోజే చెప్తే తుడిచి మల్ల తెమ్మందును, గంతే గద" అన్నారు. మెల్లగానే అన్నారు. మా వెనక ఖాళీ కుర్చీ వైపు చూసి, "పెద్దాయన రాలేదా?" అని అడిగారు.

ఆంటీ చెప్పింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీది నుంచి తీసి టేబుల్ మీద పెట్టారు. పాత ఫైలు తెప్పించి, కొత్త అచ్చును బుక్కు పక్కన పెట్టి, వేలితో ఒక్కో అంకె తాకుతూ చివరిదాకా వెళ్లారు. "కలిసింది. ఒక్కటే బండి" అన్నారు.

తర్వాత ఫారం మొదటి పేజీ తిప్పారు. అది నేను నింపింది. ఓనర్ అన్న చోట తాత పేరు నా చేతిరాతలో, ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం. కింద ఆయన తెలుగు సంతకం.

"పేరు మార్చాలమ్మా. బండి ముందు మీ పేరు మీదికి రావాలె" అన్నారు ఆంటీతో.

ఆయన స్కేలు తీసి ఆ గడుల మీద అడ్డంగా పెట్టి, ఎర్ర పెన్నుతో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక గీత గీశారు. పక్కన సంతకం చెయ్యమని పెన్ను ఆంటీకి ఇచ్చారు. ఆమె సంతకం చేస్తున్నంతసేపూ నేను ఆ గీతనే చూశాను. సన్నటి గీత. దాని కింద తాత పేరు ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.